శనివారం బట్వాడా: ఆటోనగర్ లేత్ మేస్త్రీ కేసు

ఈ కేసులో నేను వేసిన మొదటి ప్లాన్ తప్పు. అది ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక చిన్న సైకియాట్రీ క్లినిక్‌లో సోషల్ వర్కర్‌ని నేను. పదకొండేళ్లుగా ఎక్కువగా మందు, గంజాయి కేసులే చూస్తున్నాను. మాత్రలు రాసేది డాక్టరు గారు, మిగతా రభసంతా నాది: ఇంట్లోవాళ్లు, అప్పులు, ఉద్యోగం, కోర్టు కాగితాలు. ఈ కేసు ఒక లేత్ పనివాడిది; లేత్ అంటే లోహపు ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్. అతని పేరు రాయను. ఆటోనగర్‌లో చిన్నా పెద్దా అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాసిందంతా అతనికి చదివి వినిపించాను కూడా. లేత్ గురించి రాసినదాంట్లో రెండు తప్పులు దిద్దాడు, తన గురించి రాసినదాంట్లో ఒక్కటీ దిద్దలేదు.

వచ్చినప్పుడు

2024 జనవరిలో వాళ్లమ్మ తీసుకొచ్చింది. అతనికి 36 ఏళ్లు, ఇల్లు సింగ్‌నగర్‌లో. భార్య, కూతురు తెనాలిలో, భార్య పుట్టింట్లో. జైలు నుంచి వచ్చి రెండు నెలలైంది. నేనింకా ఏమీ అడగకముందే వాళ్లమ్మ కొంగుముడి విప్పి ఒక పొట్లం టేబుల్ మీద పెట్టి, "ఇది రసంలో కలిపితే మానేస్తాడన్నారమ్మా, కలపనా?" అంది. కొడుకు పక్కనే ఉన్నాడు, వింటూనే ఉన్నాడు.

ఇలాంటి పొట్లం నా టేబుల్ మీదికి రావడం అదే మొదటిసారి కాదు. ఏ పొడిలో ఏముంటుందో చెప్పలేం గానీ, తెలియకుండా కలిపి పెట్టేవాటిలో డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మాత్ర ఉండటం మేం చూస్తుంటాం. అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె మీదికి వచ్చి ప్రాణం కూడా పోవచ్చు. మంచి మాత్రే, కానీ తాగే మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాలి. పొట్లం నా డ్రాయర్లో వేసుకున్నాను. మేస్త్రీ మొదటిసారి నా వైపు చూసింది అప్పుడే.

ఆడిట్ అని పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది, 40కి మార్కులు, 20 గానీ ఆపైన గానీ వస్తే మందుకు బానిసయ్యాడని అనుమానించాలి. ఇతనికి 31 వచ్చింది. పొద్దున్నే ఒక పెగ్గు పడితే తప్ప చేతి వణుకు ఆగదు. కాగితం మీద జిలేబీలా చుట్టలు గీయమన్నాను, వణుకు చూడటానికి మేం వాడే పాత పద్ధతి అది. సూది మొనలాంటి గీత గీయాల్సిన లేత్ పనివాడు గీసింది రంపం పళ్లలా వచ్చింది. ఆ కాగితాన్ని తనే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అంతకుముందు

పదో తరగతి తప్పి పదిహేనేళ్లకే ఆటోనగర్‌లో లేత్ షాపుకి హెల్పర్‌గా వెళ్లాడు. ఇరవై రెండేళ్లకి మేస్త్రీ అయ్యాడు, అది చిన్న విషయం కాదు. లారీ ముందు యాక్సిల్‌లో కింగ్ పిన్ అనే కడ్డీకి తొడిగే బుష్ (లోహపు గొట్టం) తిప్పడంలో, అంటే లేత్ మీద చెక్కడంలో, పేరు. బట్వాడా రోజు, అంటే వారం కూలి చేతికిచ్చే శనివారం సాయంత్రం, అందరూ కలిసి తాగడంతో మొదలైంది. తర్వాత రోజూ. నిద్ర కోసం గంజాయి సిగరెట్లు. షాపు ఓనరు దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు, అది తీరేలోపే పనికి పోవడం మానేశాడు. ఈ అడ్వాన్సు మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2021 నవంబర్‌లో, ట్రిప్పుకి ఐదు వేలు ఇస్తామంటే నర్సీపట్నం వైపు నుంచి ఒక గంజాయి బ్యాగు మోశాడు. తుని దాటాక దొరికాడు. ఆరు కిలోలు. గంజాయికి చట్టంలో కిలో వరకు తక్కువ పరిమాణం, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా శిక్ష, లక్ష దాకా జరిమానా పడొచ్చు. నాలుగు నెలలకి బెయిలొచ్చింది గానీ ఇద్దరు జామీనుదార్లు దొరకలేదు, లోపలే ఉండిపోయాడు. చివరికి రెండేళ్లు శిక్ష పడింది. రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు. జైల్లో బాగా పనిచేస్తే రోజులు తగ్గుతాయని ఎవరో చెబితే నమ్మి వర్క్‌షాపులో అందరికంటే ఎక్కువ పనిచేశాడట, మత్తుమందుల చట్టం 32ఏ సెక్షన్ కింద ఈ కేసుల్లో ఆ తగ్గింపు ఉండదని విడుదలకి మూడు నెలల ముందు తెలిసింది. జరిమానా బావ కట్టాడు.

చాలామంది నన్ను అడుగుతారు, మత్తుకి అలవాటుపడినవాడు తనంతట తానే వైద్యానికొస్తే కేసు ఉండదంటారు కదా అని. ఆ వెసులుబాటు 64ఏ సెక్షన్‌లో ఉంది. కానీ అది సొంతానికి వాడుకున్నవాళ్లకి, తక్కువ పరిమాణంతో దొరికినవాళ్లకి. ఆరు కిలోలు మోసినవాడికి వర్తించదు.

రెండేళ్లు చుక్క ముట్టలేదు. "అక్కడ మానేశాననుకున్నా మేడమ్. దొరకలేదంతే" అన్నాడు. బయటికొచ్చిన మూడో రోజు పాత లెక్కలోనే తాగాడు. ఒళ్లు అలవాటు తప్పింది గానీ చెయ్యి పాత కొలత మర్చిపోలేదు, బుడమేరు వాగు కట్ట పక్కన పడిపోతే ఎవరో ఆటోలో తెచ్చి ఇంటి దగ్గర దింపారు. విడుదలైన మొదటి రెండు వారాలు ఇంట్లోవాళ్లు జాగ్రత్తగా ఉండాలని నేను ప్రతి కుటుంబానికీ చెప్పేది ఇందుకే. ఇంజెక్షన్ల అలవాటున్నవాళ్లకైతే ఆ రోజుల్లో పాత డోసు ప్రాణమే తీయొచ్చు.

నా తప్పు ప్లాన్

తొమ్మిది రోజులు అడ్మిట్ చేశాం. అందులో చెప్పుకోదగ్గ విశేషం లేదు, మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయన్నాడు, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లు, లిబ్రియం (తాగుడు ఆపినప్పుడొచ్చే వణుకు, కంగారు తగ్గించే మాత్ర) తగ్గించుకుంటూ రావడం, ఐదో రోజుకి తేరుకున్నాడు. లివర్ ఎంజైములు ఎక్కువగా ఉన్నాయని డాక్టరు గారు, మళ్లీ తాగాలనే యావ తగ్గించే అకాంప్రొసేట్ మాత్ర ఎంచుకున్నారు. అది లివర్ మీద కాక కిడ్నీల ద్వారా పోతుంది. పూటకి రెండు మాత్రలు, రోజుకి ఆరు. గంజాయి మాన్పించడానికి ప్రత్యేకంగా మాత్రంటూ ఏదీ లేదు. రెండు వారాలు నిద్ర పట్టదు, పిచ్చి కలలొస్తాయి, చిరాకుగా ఉంటుంది, ఓర్చుకోవాలి అని చెప్పాం. ఓర్చుకున్నాడు.

తర్వాత నేను తెలివిగా ఒక పని చేశాననుకున్నాను. ఆటోనగర్‌కి మళ్లీ పంపితే అదే జనం, అదే శనివారం, కాబట్టి అక్కడికి వద్దనుకుని పటమటలో ఒక అపార్ట్‌మెంట్‌కి నైట్ వాచ్‌మన్‌గా పెట్టించాను. పదకొండు రోజులు చేశాడు. పన్నెండో రోజు ఏజెన్సీవాళ్లు పోలీస్ వెరిఫికేషన్ కావాలన్నారు, అంతే. కానీ నిజం చెప్పాలంటే కాగితం అడగక ముందే వ్యవహారం చెడింది. అసలే నిద్ర లేని మనిషికి రాత్రి డ్యూటీ ఇప్పించింది నేను. పైగా చేతిలో పనితో మేస్త్రీ అనిపించుకున్నవాడు, కారొస్తే గేటు తీసి సెల్యూట్ కొట్టాలి. "నా చేతికి మైక్రోమీటర్ తెలుసు మేడమ్, లాఠీ తెలీదు" అని ఎనిమిదో రోజే అన్నాడు. నేను మోటివేషన్ ఇచ్చాను. ఆ మాట వినాల్సింది పోయి!

పని పోయిన సాయంత్రమే తాగాడు. అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క రాశాం: బయటికొచ్చాక ఎప్పుడెప్పుడు తాగాడు, ఎన్నింటికి, ఎవరితో, జేబులో ఎంత ఉండగా. అతనికి గుర్తున్నంతవరకు బాగా తాగిన రోజులు పద్నాలుగు తేలాయి. అందులో పదకొండు శనివారాలు, ఆరు నుంచి తొమ్మిది లోపు. పని లేదు, బట్వాడా లేదు, అయినా ఆ టైముకి తల్లి పెన్షన్ డబ్బో, బావ ఇచ్చిందో ఏదో ఒకటి జేబులో ఉంది. మిగతా మూడూ ఎవరో అవమానించిన రోజులు. ఆటోనగర్ మొత్తానికి భయపడ్డాను నేను. భయపడాల్సింది వారంలో మూడు గంటలకి.

మళ్లీ లేత్ దగ్గరికి

పాత ఓనరు గుమ్మం ఎక్కనివ్వలేదు. అతను తిట్టిన తిట్లలో జైలు మాట లేదు, తాగుడు మాట లేదు, నలభై వేలు ఎగ్గొట్టావన్నదొక్కటే. ఆటోనగర్‌లో అన్నిటికంటే పెద్ద మచ్చ ఏదో ఆ రోజు నాకు తెలిసింది.

2024 ఏప్రిల్‌లో వేరే రోడ్డులో, రెండు మిషన్ల చిన్న షాపు నడుపుతున్న ఒక పెద్దాయన చూద్దాం రమ్మన్నాడు. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అని నాకూ మేస్త్రీకీ పెద్ద వాదన. అన్నీ చెప్పేయాలని నేను, ఏదీ చెప్పనని అతను. చివరికి షాపుకెళ్లాక నోరు విప్పింది అతనే, "బాబాయ్, రెండేళ్లు జైల్లో ఉన్నా. తాగుతా. ఇప్పుడు వైద్యం చేయించుకుంటున్నా. పాత షాపులో అడ్వాన్సు బాకీ ఉంది" అని ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "జైలుకెళ్లొచ్చినోడితో నాకేం ఇబ్బంది లేదమ్మా. తాగి మిషనెక్కేవాడితోనే నాకు టెన్షన్. చక్ తిరిగేటప్పుడు వేలు పోతే ఆస్పత్రికి మోసేది నేను" అన్నాడు. తర్వాత అరలోంచి ఒక గన్ మెటల్ (కంచు లాంటి లోహం) ముక్క, ఒక కింగ్ పిన్ తీసి మేస్త్రీ ముందు పెట్టాడు.

నేను స్టూలు మీద కూర్చుని చూశాను. ముందు టూల్ బిట్, అంటే లోహాన్ని కోసే ఉలి, గ్రైండింగ్ రాయి మీద పట్టి పదునుపెట్టుకున్నాడు, అదే చాలాసేపు పట్టింది, రెండు సార్లు చాలక మూడోసారి పట్టాడు. తర్వాత ముక్కని చక్‌కి (ముక్కని పట్టి తిప్పే భాగం) బిగించి మిషన్ వేశాడు. నలభై నిమిషాలు. బుష్ బయటికి తీసి పిన్నుకి తొడిగితే, నొక్కితే దిగాలి, వదిలితే దానంతటది జారకూడదు. మొదటిది జారింది. పెద్దాయన ఏం మాట్లాడకుండా రెండో ముక్క ఇచ్చాడు. అది నిలిచింది. "మేస్త్రీ కూలి ఇప్పుడే ఇవ్వను, హెల్పర్ కూలి ఇస్తా" అన్నాడు. సరేనన్నాడు మేస్త్రీ.

అప్పుడు నేను అడిగాను, ఇతని బట్వాడా శనివారం సాయంత్రం కాకుండా సోమవారం పొద్దున ఇవ్వగలరా అని. పెద్దాయన నవ్వాడు. నలభై ఏళ్లలో ఇలాంటిది ఎవరూ అడగలేదట. కానీ ఒప్పుకున్నాడు. శనివారం ఆరింటికి అందరూ డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే మేస్త్రీ ఖాళీ చేతులతో బస్సెక్కాలి. కుర్రాళ్లు ఎగతాళి చేశారు, "సోమవారం మేస్త్రీ" అని పేరు కూడా పెట్టారు. ఆ మూడు గంటల కోసం నేను కూడా ఒక పని పెట్టాను: శనివారం ఆరున్నరకి క్లినిక్‌కి రావడం. కౌన్సెలింగ్ ఏమీ లేదు, చాలా వారాలు మా పాత స్టెరిలైజర్ మూత, కుర్చీల బోల్టులు బాగుచేస్తూ కూర్చునేవాడు. బస్సు టికెట్ డబ్బులు పోను జేబులో ఇరవై రూపాయలు. మా కుర్చీలు ఇప్పుడు గట్టిగా ఉన్నాయి.

సోమవారం వచ్చిన డబ్బుని కూడా ముందే పంచేశాం. తల్లికి ఇంటి ఖర్చు, తెనాలికి కొంత, పాత ఓనరుకి నెలకి వెయ్యి. ఆ వెయ్యి దండగ అనుకున్నాను నేను, నలభై నెలలు ఎవరు కడతారని. మేస్త్రీ మొండికేశాడు.

మధ్యాహ్నం మాత్రలు మాత్రం ఎగ్గొట్టేవాడు. హెల్పర్ల ముందు గోలీలు మింగడం నామోషీ. చివరికి వెర్నియర్ (కొలత పరికరం) పెట్టెలో దూది కింద దాచుకుని, టూల్ బిట్ పదునుపెట్టే నెపంతో అవతలికి వెళ్లి వేసుకున్నాడు.

వరద, ఆ తర్వాత

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చేశాయి. తల్లీ కొడుకూ పక్కింటి మేడ మీద నాలుగు రోజులు. మాత్రలు కొట్టుకుపోయాయి, ఫోను చచ్చిపోయింది, నాకు నిద్ర లేదు. అతనేమో ఆ నాలుగు రోజులూ బాగానే ఉన్నాడట, పడవలొస్తే పాలప్యాకెట్లు అందుకుని మేడల మీద ముసలివాళ్లకి ఇచ్చాడట. ఆపదలో మనుషులు నిలబడతారు. తర్వాత కూలతారు. ఇది నాకు తెలిసీ నేను ఏమరుపాటుగా ఉన్నాను.

నీళ్లు తీశాక నగరంలో మునిగిన బళ్లన్నీ షెడ్లకొచ్చాయి. పని విపరీతం. రాత్రి పది దాకా మిషన్. కింది ఇళ్లు మునిగినవాళ్లకి ప్రభుత్వం ఇరవై ఐదు వేలు ఇచ్చింది, అది తల్లి ఖాతాలో పడింది, దాంతో ఏ ఇబ్బందీ రాలేదు, మంచం, స్టవ్వు, బియ్యానికి సరిపోయింది. మేం చూసుకోనిది ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు. కూలి సోమవారమే, కానీ ఓటీ మాత్రం పెద్దాయన ఏ వారానికావారం శనివారం రాత్రే చేతిలో పెట్టేవాడు, అభిమానంతోనే. అక్టోబర్ 16 నుంచి రాష్ట్రంలో కొత్త మద్యం పాలసీ, ప్రైవేటు షాపులు తెరిచారు, 99 రూపాయలకి క్వార్టర్. 19న శనివారం. జేబులో పద్దెనిమిది వందలు, ఒళ్లు హూనం, ఓటీ వల్ల క్లినిక్‌కి రావడం అప్పటికే నాలుగు వారాలుగా మానేశాడు.

రెండు క్వార్టర్లు తాగాడు. ఆదివారం పడుకున్నాడు. ఇలాంటప్పుడు మనిషిని పూర్తిగా ముంచేది ఆ రెండు క్వార్టర్లు కావు, "ఎలాగూ చెడిపోయింది, పోతే పోయింది" అనే ఆలోచన. దాని కోసం ఏప్రిల్‌లోనే ఒక అట్టముక్క మీద నాలుగు మాటలు రాసిచ్చాను: మిషనెక్కొద్దు, డబ్బు అమ్మకివ్వు, తిండి తిను, ఫోన్ చెయ్యి. అదీ వెర్నియర్ పెట్టెలోనే ఉంది. సోమవారం షాపుకెళ్లి పెట్టె తెరిచి, మూసేసి, "బాబాయ్, ఈ పూట ఎక్కలేను" అని చెప్పి నేరుగా నా దగ్గరికొచ్చాడు. చుట్టలు గీయమన్నాను. బాగానే వచ్చాయి. ఏడుస్తూ గీశాడు. ఆ వారం నుంచి ఓటీ కూడా సోమవారానికి మారింది, పని రాత్రి ఎనిమిదికి ఆపేశాడు. ఆ పూట కూలి పెద్దాయన కోయలేదు.

అప్పటినుంచి నాకు తెలిసి తాగలేదు. "నాకు తెలిసి" అని రాస్తే మేస్త్రీ నొచ్చుకున్నాడు, కానీ నా ఉద్యోగంలో అలాగే రాయాలి.

పాత కేసున్నవాళ్లని అప్పుడప్పుడూ స్టేషన్‌కి పిలుస్తారు, సంతకం పెట్టి రావాలి. రెండుసార్లు కూలి పోయింది. క్లినిక్ లెటర్‌హెడ్ మీద అతను వైద్యంలో ఉన్నాడని, వచ్చిన తేదీలతో సహా రాసిచ్చాను, అది లామినేషన్ చేయించి జేబులో పెట్టుకున్నాడు. పెద్ద ఉపయోగం ఉందో లేదో గానీ చూపిస్తే "కూర్చో" అంటున్నారట. మునుపు నిలబెట్టేవారు.

తెనాలి

భార్యతో నేను మూడుసార్లు మాట్లాడాను. మొదటిసారే తేల్చి చెప్పింది: "ఆయన మారాడని నాకు చెప్పకండి మేడమ్. పాప ఫీజుకి నెలకి మూడు వేలు పంపమనండి. ఏడాది తప్పకుండా పంపాక మాట్లాడదాం." నాకు కఠినంగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, మేం క్లినిక్‌లో పెట్టే లక్ష్యాల కంటే ఇదే స్పష్టంగా ఉంది. పంపాడు. ఏడాది దాటాక మాట్లాడింది, కానీ విజయవాడ రానంది. రెండో ఆదివారాలు అతనే రైలెక్కి వెళ్లొస్తాడు. ఒకసారి ఇత్తడి ముక్కతో బొంగరం తిప్పి తీసుకెళ్లాడు. "తొమ్మిదో క్లాసుకొచ్చాను, నాకు బొంగరాలేంటి నాన్నా" అందట ఆ పిల్ల. బొంగరం మాత్రం తిరిగివ్వలేదు.

పాత ఓనరుకి పదమూడు నెలలు వెయ్యి చొప్పున కట్టాడు. పద్నాలుగో నెల ఆయనే, "ఇంక డబ్బులొద్దు, ఈ బుష్‌లు తిప్పి పంపు, పనిలో చెల్లుకుందాం" అని ఒక సంచి పంపాడు. అది చూసి ఇంకో ఇద్దరు పంపారు. 2025 దసరాకి పెద్దాయన మేస్త్రీ కూలి ఇవ్వడం మొదలుపెట్టాడు. నేను దండగన్న ఆ వెయ్యే అతనికి సర్టిఫికెట్ అయింది. వెరిఫికేషన్ కాగితం ఆటోనగర్‌లో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మాత్రలు డాక్టరు గారు ఏడాది తర్వాత ఆపారు. లివర్ రిపోర్టు మామూలుకొచ్చింది.

ఇప్పుడున్న సమస్య ఇది. పెద్దాయనకి మోకాళ్లు పోయి లెక్కలు కొడుక్కి అప్పగించాడు. కొడుకు కంప్యూటర్ చదివినవాడు, అందరికీ శనివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో వేసేస్తాడు. ఒక్కడికి సోమవారం అంటే కుదరదన్నాడు. నేనొచ్చి మాట్లాడతానన్నాను. మేస్త్రీ వద్దన్నాడు. "ప్రతిదానికీ మీరొస్తే నేను మేస్త్రీని ఎప్పుడవుతా మేడమ్?" తనే వెళ్లి ఆ కుర్రాడికి ఉన్న సంగతంతా చెప్పి, తల్లి ఖాతా నంబరు ఇచ్చి వచ్చాడు. తను కీప్యాడ్ ఫోను కొనుక్కున్నాడు. శనివారం సాయంత్రం తల్లి తన ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూతేస్తుందట.

మొన్న శనివారం ఎలా గడిచింది అని అడిగాను.

"ఎనిమిదింటికి డబ్బాలోంచి టింగ్ మంటది మేడమ్. ఇద్దరం విననట్టే అన్నం తింటాం."